ముద్రణ దశలో జరిగిన పొరపాటు

పెద్ద పెద్ద కంపెనీల అధికారులకు కెమెరా ముందు ఎలా మాట్లాడాలో నేర్పడం నా ఉద్యోగమంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. "అంత సదువుకున్నోళ్లకి మాటాడ్డం రాదేటి?" అనేది. మలేషియాలో సుంగై సిపుట్ రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు తెలిసి మాట రానివాళ్లంటే పసిపిల్లలే. రాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. వేలమంది చేత పని చేయించే మనిషి కూడా ఎదురుగా ఆ నల్లటి గాజుకన్ను కనబడగానే సొంత పేరు కోసం తడుముకుంటాడు.

పని మానేశాక, ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన మన పిల్లలు కొందరు నా దగ్గరికొచ్చి మెళకువలు అడుగుతుంటారు. వాటికి ఒక పూట చాలు. తిరిగే కుర్చీ తీసేసి కదలని కుర్చీ వేయండి. లేకపోతే జవాబు తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా మనిషి ఊగుతాడు. సన్నచారల చొక్కా వద్దు, తెరమీద ఆ చారలు పురుగుల్లా కదులుతాయి. మాట్లాడే ముందు తే తారిక్ తాగనివ్వకండి, ఆ చిక్కటి పాల టీ గొంతుకి అడ్డం పడుతుంది. గోరువెచ్చని నీళ్లివ్వండి. కళ్లు అడిగే మనిషి మీద ఉండాలి, కెమెరా సంగతి కెమెరామన్ చూసుకుంటాడు. ఇంతే. తక్కినదంతా మనిషిని బట్టి ఉంటుంది. అందుకని ఒక మనిషి సంగతి చెబుతాను. ఇందులో నేను చేసిన తప్పుంది, చెప్పిన అబద్ధముంది. తెలుగు చదవడం కష్టమైనవాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి.

టీవీ స్టూడియోలో చాలా ఏళ్లు పనిచేసి బయటికొచ్చాక, అక్కడే పరిచయమైన ఒక మలయ్ కెమెరామన్‌తో కలిసి కౌలాలంపూర్ పక్కనున్న క్లాంగ్‌లో శిక్షణ గది ఒకటి తెరిచాను. రైల్వే స్టేషన్‌కి దగ్గర, మేడమీద గది. కింద పళ్ల డాక్టరు క్లినిక్. ఆయన ఎవరి పన్నైనా తొలవడం మొదలుపెడితే ఆ చప్పుడు మా మైకులోకి వచ్చేది. అది ఆగేదాకా మేమూ ఆగేవాళ్లం. ఎంత గొప్ప అధికారైనా ఎవరిదో పన్ను పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. మా కెమెరామన్ మితభాషి. ఆయనకో అలవాటుండేది, మధ్యలో ఎంత ఖాళీ వచ్చినా కెమెరా ఆపేవాడు కాదు. ఆపితే మళ్లీ నొక్కడం మరిచిపోతానని ఆయన భయం. ఒకసారి స్టూడియోలో నిజంగానే మరిచిపోయాడట.

ఒకనాడు క్లాంగ్‌లోనే ఉన్న ఒక బిస్కెట్ల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఒకే కుటుంబం పెట్టి పెంచుకున్న కంపెనీ, మరీ పెద్దది కాదు. వాళ్ల క్రీము బిస్కెట్ తిని ఒక చిన్నపాప ఆసుపత్రి పాలైంది. పాపకు వేరుశనగ పడదు. కొత్త క్రీములో వేరుశనగ పొడి కలుస్తోంది గానీ ఆ మాట ప్యాకెట్ మీద లేదు. పాప రెండు రోజుల్లో కోలుకుని ఇంటికెళ్లింది, దేవుడి దయ. కంపెనీ ప్యాకెట్లన్నీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి, అచ్చులో పొరపాటని పత్రికలకు ప్రకటన ఇచ్చింది. అయినా జనంలో కోపం చల్లారలేదు. ఒక టీవీ చానల్ వాళ్లు ఇంటర్వ్యూకి రమ్మన్నారు, అదీ ప్రత్యక్ష ప్రసారం. ఫ్యాక్టరీ మొత్తం చూసుకునే పెద్ద మేనేజర్ వెళ్లాలని యజమాని నిర్ణయించాడు. ఆయన్ని మూడు రోజుల్లో తయారు చేయాలి.

ఆయన యాభైకి దగ్గరపడిన మనిషి. మొదటిరోజు వచ్చి గది గుమ్మం దగ్గరే బూట్లు విప్పబోయాడు. అక్కర్లేదని చెప్పి కూర్చోబెట్టి, చొక్కా గుండీ దగ్గర మైకు తగిలించి, శబ్దం చూసుకోవాలి, ఏదైనా అనండి అని ఇంగ్లీషులో అడిగాను. ఈ మాటకి అందరూ ఇంగ్లీషులో అంకెలు లెక్కపెడతారు. ఆయన "ఒకటి, రెండు, మూడు" అని ఆగిపోయాడు.

"నాలుగు, ఐదు" అన్నాను నేను.

ఆయన తలెత్తి చూశాడు. "అక్కా, మనోళ్లా?"

నాది సుంగై సిపుట్ అని చెప్పాను. తనది బాగన్ దాతుక్ అన్నాడు. నాన్న కొబ్బరి తోటలో పనిచేసేవాడట. తల్లి ఇంకా అక్కడే తమ్ముడి దగ్గర ఉంటోందట. పెళ్లాం తమిళావిడ, పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది గానీ మాట్లాడరు. ఆఫీసులో తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదన్నాడు. ఆ తర్వాత మామూలుగా ఇంగ్లీషులోకి వెళ్లిపోయి పని మొదలుపెట్టాం.

కంపెనీలో పత్రికలవాళ్ల వ్యవహారాలు చూసే ఒక చీనా అమ్మాయి ఉండేది. చురుకైన మనిషి. ఆమె మూడు జవాబులు రాసి పంపింది. పాప క్షేమమే మాకు ముఖ్యం అని మొదటిది. సరుకంతా వెనక్కి తెప్పించాం అని రెండోది. కవర్లు అచ్చువేసిన ప్రెస్సువాళ్లు తప్పు చేశారు, ఇకమీదట అలా జరగనివ్వం అని మూడోది. ఆ మూడోది చూసి నేను పెదవి విరిచాను. కెమెరా ముందు ఎదుటివాడిని వేలెత్తి చూపిస్తే చూపించినవాడే చిన్నబోతాడు. అందుకని దాన్ని నేనే దిద్ది, "ముద్రణ దశలో ఒక పొరపాటు జరిగింది" అని మార్చాను. అందులో మనిషి లేడు, తప్పు దానంతటదే జరిగిపోయింది. ఆ అమ్మాయి చదివి ఎంతో మెచ్చుకుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

మొదటి రెండు జవాబులూ ఆయన నీళ్లు తాగినంత సులువుగా చెప్పేవాడు. మూడోది వచ్చేసరికి చూపు నేలమీదకి జారిపోయేది. నేను విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పించాను. అడిగేవాళ్ల కళ్లలోకి చూడలేకపోతే కనుబొమలు చూడండి, తెరమీద తేడా తెలియదని నేర్పాను. పదిపదిహేనుసార్లు చెప్పించాక ఆ వాక్యం ఇస్త్రీ చేసిన బట్టలా తయారైంది. సరిగ్గా అప్పుడే కింద డాక్టరు ఎవరి పన్నో తొలవడం మొదలుపెట్టాడు. ఆగాం. ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు కూర్చుని, ఉన్నట్టుండి తెలుగులో అన్నాడు.

"అక్కా, ఆ అచ్చాఫీసాయన తప్పేటీ నేదు."

ఆయనే చెప్పుకుపోయాడు.

"కొత్త కవరు నమూనా నా బల్ల మీదకే ఒచ్చింది. కచాంగ్ పొడి కలిసిందని ఎనకాల రాయాల. నాకు తెలుసు. ఆ రోజు మిషనాగిపోయి ఒకటే గోల. సూసినాను గానీ సదవనేదు. సంతకం పెట్టీసినాను. నేను సంతకం పెట్టిందే ఆయన అచ్చేసినాడు. ముసలాయన లా. ఇప్పుడు ఆయనకి ఎవలూ పనివ్వట్లేదంట."

కచాంగ్ అంటే మలయ్‌లో వేరుశనగ. మన ఇళ్లల్లో కూడా ఆ మాటే వాడుక. మాట చివర 'లా' అనడం ఇక్కడివాళ్లందరికీ ఊతపదం. కంపెనీలో ఎవరికైనా తెలుసా అని అడిగాను. సంతకం పెట్టిన కాగితం తన సొరుగులోనే ఉందనీ, ఎవరూ అడగలేదనీ, తనూ చెప్పలేదనీ అన్నాడు. ఇక్కడ అన్నమాట ఇక్కడే ఉంటుందని ధైర్యం చెప్పాను. చప్పుడు ఆగింది. మళ్లీ మూడో జవాబు చెప్పించాను. ఈసారి చూపు జారలేదు. నిజం విన్న తర్వాత కూడా నేను ఆ జవాబు చెప్పించానన్నది మీరు గమనించాలి.

మర్నాడు ఉదయం కంపెనీ మీటింగు గదిలో ఆ వీడియో వేసి చూపించాలి. యజమాని, ఆ అమ్మాయి, మా కెమెరామన్, నేను ఉన్నాం. మేనేజర్ ఫ్యాక్టరీలో పనిమీద ఉన్నాడు. యజమాని పెద్దాయన. మూడు జవాబులూ చూశాడు గానీ ముఖంలో ఏ మార్పూ లేదు. అమ్మాయి మాత్రం తల ఊపుతోంది. జవాబులయ్యాక కెమెరామన్ ఆపబోయాడు, కానీ ఈలోపే తర్వాతి భాగం తెరమీదకి వచ్చేసింది. గ్లాసు పట్టుకుని మేనేజర్ తెలుగులో మాట్లాడుతున్నాడు. పన్ను తొలిచే చప్పుడు వెనకనుంచి వినిపిస్తోంది.

యజమాని చెయ్యెత్తి ఆపొద్దన్నాడు. ముందుకు వంగి చివరిదాకా చూశాడు. ఇందాక జవాబులు చెప్పిన మనిషెవరో తెలియదు గానీ ఈయన్ని మాత్రం పాతికేళ్లుగా ఎరుగుదునన్నాడు. ఇక్కడ ఏమంటున్నాడని అడిగాడు. తమిళం కాదే అంది ఆ అమ్మాయి, ఆమెకు కాస్త తమిళం వచ్చు. తెలుగని చెప్పక తప్పలేదు. ముగ్గురూ నా వైపు తిరిగారు. ఆ గదిలో ఆ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇక్కడ అన్నమాట ఇక్కడే ఉంటుందని ముందురోజే మాటిచ్చాను కదా. చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటున్నాడన్నాను. కొబ్బరి తోట గురించి, తల్లి గురించి అన్నాను. తల్లి గురించి చెబుతూ ఇంత బాధ ఎందుకు పడుతున్నాడని పెద్దాయన అడిగాడు. నా నోట్లోంచి వచ్చిన మాట విని నేనే నివ్వెరపోయాను. ఆవిడ ఈమధ్యే పోయింది అన్నాను.

పెద్దాయన తనకు ఒక్కమాట కూడా చెప్పలేదని నొచ్చుకుని, మధ్యాహ్నం తనే కిందికి వెళ్లి పరామర్శిస్తానన్నాడు.

లిఫ్టులో దిగుతున్నప్పుడు మా కెమెరామన్ నావైపు చూడకుండా అడిగాడు, "తల్లిని తలుచుకుంటూ మధ్యలో కచాంగ్ అంటాడేమిటి?"

నాకు అప్పుడు వెలిగింది. గదిలో అందరికీ అర్థమయ్యే మాట అదొక్కటే. సరాసరి ఫ్యాక్టరీలోకి వెళ్లి, ఓవెన్ల పక్కన నిలబడి ఉన్న ఆయన్ని బయటికి పిలిచి జరిగిందంతా చెప్పాను. వీడియో సంగతి, నేను ఆడిన అబద్ధం, చివరికి ఆయన తల్లిని చంపేసిన సంగతి కూడా. కోప్పడతాడనుకున్నాను. ఆయన నెత్తిమీద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా అమ్మ పొద్దున్నే ఫోన్ సేసింది" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "నిన్నటిదాకా నా ఒక్కడి తప్పే అక్కా. ఇప్పుడు నీదీ అయిపోనాది. ఇంకెంతమందికి అంటిద్దాం? రా, ఎల్దాం" అన్నాడు.

తన గదికి వెళ్లి సొరుగులోంచి ఆ కాగితం తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని యజమాని గదికి వెళ్లాడు. అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఆయన కాగితం బల్లమీద పెట్టి నాలుగు ముక్కల్లో చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆ సంతకం వంక చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి ఒకే ఒక్కటి అడిగాడు, ఆయన తల్లి బతికే ఉందా అని. ఉందన్నాను. మంచిదన్నాడు. కచాంగ్ అనే మాట తనకూ తెలుసుననీ, ఎవరొచ్చి చెబుతారో మధ్యాహ్నం దాకా చూద్దామనుకున్నాననీ అన్నాడు.

ఆ అమ్మాయి మాత్రం నన్ను వదల్లేదు. నడవాలోకి తీసుకెళ్లి మెల్లగా అంది, "నిజం ఎంత చెడ్డదైనా నేను ఎలాగో సర్దుకోగలను. మీరు చెప్పింది నమ్మి నేను పని చేసి ఉంటే నా గతేమిటి?" నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నది. నేను క్షమించమని అడిగాను. ఆమె అప్పటికే ఫోన్ తీసి వకీళ్లకు చేస్తోంది.

వకీళ్లు ఇంటర్వ్యూ మానుకోమన్నారట. పెద్దాయన మానలేదు. "వాళ్లు అడిగితే చెప్పు, అడక్కపోయినా చెప్పు" అన్నాడట మేనేజర్‌తో. ఆ సాయంత్రం ఆయన మళ్లీ మా గదికి వచ్చాడు. జవాబుల కాగితం చింపేశాను. నిన్న నాకు ఎలా చెప్పావో అలాగే ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఆయన ప్రయత్నించాడు. మళ్లీ అవే నున్నటి మాటలు వచ్చాయి.

"ఇంగ్లీసులో నాకు సిగ్గు రాదక్కా" అన్నాడు. "మాటలు బాగానే ఒస్తాయి, సిగ్గే రాదు."

అప్పుడు ఒక్కో వాక్యం ముందు తెలుగులో చెప్పించి, దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లోకి తిప్పించాను. సూసినాను గానీ సదవనేదు. చూశాను, చదవలేదు. అంతకంటే పెద్ద వాక్యం ఒక్కటీ ఉండనివ్వలేదు. కనుబొమలు చూసే చిట్కా మరిచిపొమ్మన్నాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే కౌలాలంపూర్‌లోని ఆ స్టూడియోకి వెళ్లాం. నేను పక్కగదిలో అద్దం వెనక నిలబడ్డాను. నా పక్కన ఆ అమ్మాయి, నాతో మాట్లాడకుండా. ఇంటర్వ్యూ చేసేది అనుభవమున్న ఆవిడ, ఎవరినీ తేలిగ్గా వదలదని పేరు. మొదటి రెండు ప్రశ్నలూ అనుకున్నట్టే నడిచాయి. మూడో ప్రశ్నగా, కంపెనీ పత్రికలకిచ్చిన ప్రకటన చదివి వినిపించి, ఈ ముద్రణ పొరపాటు ఎవరిదని అడిగింది.

ఆయన వెంటనే మాట్లాడలేదు. ప్రత్యక్ష ప్రసారంలో అయిదు క్షణాల మౌనమంటే ఎంత పొడుగో స్టూడియోలో పనిచేసినవాళ్లకే తెలుసు. నా పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. అప్పుడు ఆయన చెప్పాడు. నమూనా మీద సంతకం నాది. చూశాను, చదవలేదు. ప్రెస్సాయన నేను ఒప్పుకున్నదే అచ్చువేశాడు. ఆ పాపకూ, తల్లికీ, ఆ ప్రెస్సు పెద్దమనిషికీ క్షమాపణ చెప్పుకోవాలి.

ఆవిడ చేతిలో తర్వాతి ప్రశ్న రాసిన కాగితం సిద్ధంగా ఉంది. ఆ కాగితం బల్లమీద బోర్లా పెట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది. భయపడ్డానన్నాడు ఆయన. ఆ మాట ఆయన ముఖంలోనూ ఉంది. నా వృత్తిలో ఎంతోమంది చేత ఎన్నో జవాబులు చెప్పించాను. అంత పొట్టి జవాబు మరొకటి వినలేదు. దానికి నేను నేర్పింది ఏమీ లేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఆయన్ని తీసేయాలని కొందరూ, మనిషంటే ఇలా ఉండాలని కొందరూ ఫోన్లలో రాసుకున్నారు. పాప తల్లి చానల్‌కి ఫోన్ చేసి, ఇన్నాళ్లకు ఆ కంపెనీలో ఒక మనిషి కనిపించాడని చెప్పిందట. కోపం పోయిందని మాత్రం చెప్పలేదట. అదీ న్యాయమే. ఆయన్ని పెద్ద మేనేజర్ స్థానం నుంచి దించి, ప్యాకెట్ మీద రాతలు సరిచూసే విభాగంలో పెట్టారు. తనే అడిగి పెట్టించుకున్నానని తర్వాత నాతో అన్నాడు. జీతం తగ్గినా నిద్ర బాగుందన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ కంపెనీ మళ్లీ నన్ను పిలవలేదు. ఆ అమ్మాయి మాత్రం రెండేళ్ల తర్వాత, వేరే కంపెనీలో చేరాక, తమ డైరెక్టర్లకు శిక్షణ ఇవ్వమని ఫోన్ చేసింది. పాత సంగతి ఎత్తలేదు. నేను ఎత్తబోతే, పని గురించి మాట్లాడుకుందాం అంది.

నేను మార్చుకున్నది ఒకటే. ఆ తర్వాత ఎవరు వచ్చినా ముందు మా కెమెరామన్‌ని టీకి పంపేసి, మైకు పెట్టకుండా, అసలేం జరిగిందో చెప్పండి అని అడిగేదాన్ని. విన్నాక, ఇది నేను దిద్దగలిగిన మాటేనా కాదా అని చూసుకునేదాన్ని. కాదనిపిస్తే పని ఒప్పుకునేదాన్ని కాదు. అలా వదులుకున్నవి కొన్ని ఉన్నాయి. బాధ లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక వచ్చిన శనివారం ఆయన ఫోన్ చేశాడు. ప్రెస్సు పెద్దమనిషి దగ్గరికి వెళుతున్నాను, నువ్వూ రావాలక్కా అన్నాడు. అక్కడ ఏం మాట్లాడాలో చెప్పమన్నాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

క్లాంగ్‌లో మనవాళ్ల దుకాణాలుండే లిటిల్ ఇండియా వెనక సందులో ఉంది ఆ ప్రెస్సు. ఒక యంత్రం ఆడుతోంది, రెండోదాని మీద గుడ్డ కప్పి ఉంది. డెబ్బై దాటిన తమిళాయన, సిరా చేతులు పాతబట్టతో తుడుచుకుంటూ వచ్చాడు. మమ్మల్ని స్టూళ్ల మీద కూర్చోమని తను నిలబడ్డాడు. మేనేజర్ లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయి, రెండు చేతులూ జోడించాడు. ముసలాయన ఆయన్ని కిందనుంచి పైకి చూశాడు.

"మనవరాలు ఫోన్‌లో చూపించింది. మూడుసార్లు చూశాను" అన్నాడు తమిళంలో.

పాతబట్ట భుజాన వేసుకుని ఇంకా దగ్గరికొచ్చాడు.

"మూడుసార్లూ నీ కాలరు ఒక పక్క లోపలికి మడతపడే ఉంది. అంతమంది చూసే టీవీకి వెళుతూ అలాగేనా వెళ్లడం? చెప్పేవాళ్లెవరూ లేరా నీ పక్కన?"

ముప్పయ్యేళ్లలో నేను ఏ మనిషినీ కాలరు చూడకుండా కెమెరా ముందుకు పంపలేదు. మా పనిలో అది అన్నిటికంటే చివర, అన్నిటికంటే తేలిక. మేనేజర్ మెల్లగా నావైపు తిరిగాడు. ముసలాయన కూడా తిరిగాడు.

"ఉన్నానండి, నేనే. చూడలేదు" అన్నాను.

ముసలాయన ఆ సిరా చేతులతోనే ముఖం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టాడు.